దీపావళియు మా చుక్కయు

దీపావళి సమీపించినదని మా వీథిలో అందఱికంటె ముందుగా ఎఱుగునది పంచాంగము విప్పు పురోహితుడు గాదు, బట్టల యంగడివాడును గాడు. మా యింటి కుక్క. పండుగ యింకను పది దినములున్నదనగా ఏ మూల సందులోనో ఓపిక చాలని పిల్లవాడొకడు ఒక్క సుతిలిబాంబు కాల్చును. ఆ ధ్వని వినబడగానే మా చుక్క చెవులు వెనుకకు వాల్చి, తోక కడుపు క్రిందికి ముడుచుకొని, మా అమ్మ మంచము క్రిందికి చొచ్చును. ఆ నాటినుండి మా యింట పండుగ పనులు ఆరంభమగును. అవి అందఱి యిండ్లలోని పనుల వంటివి గావు.

ఒక కుక్కను గూర్చి యింత వ్రాతయా యని చదువరులలో కొందఱు పెదవి విఱువవచ్చును. ఆఱేండ్లకు ముందు ఇట్టి వ్యాసము నా కంటబడియున్నచో నేనును ఆ పనియే చేసియుందును. ఐనను ఈ సంగతి కుక్కతో ఆరంభమైనదే గాని కుక్కతో ముగిసినది కాదు. అందుచేతనే వ్రాయ సాహసించితిని.

మేము కాపురముండునది దిల్‌సుఖ్‌నగరునకును సరూర్‌నగరు చెఱువునకును నడుమనున్న ఒక యిఱుకు సందు. నేను పాఠములు చెప్పు బడి ఎల్.బి. నగరు దాటిన పిదప నున్నది. ఈ రెంటిని కలుపు విజయవాడ రహదారి రాత్రింబగళ్ళు హోరుమనుచునే యుండును. నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, కృష్ణా మండలములనుండి చదువుకొఱకును బ్రదుకుతెరువు కొఱకును వచ్చినవారు ఒకరి గోడకు ఒకరు గోడ ఆనించి కట్టుకొన్న యిండ్లివి. ఎదురెదురుగా నాలుగేసి అంతస్తులు, నడుమ రెండు ఆటోరిక్షాలు తప్పుకొనుటకు చాలని దారి. పల్లెలో బాంబు పేలిన ధ్వని పొలములమీదుగా పోయి ఆఱిపోవును. ఇచటనో, పోవుటకు చోటులేక గోడనుండి గోడకు కొట్టుకొని, ఒకటి పేలినచో మూడు పేలినట్లు వినిపించును. ఇది మా పిల్లలకు పరమానందము. పట్టణవాసము మనకిచ్చిన ఉత్సాహములలో ఇదియొకటి.

చుక్క మా యింటికి వచ్చినది 2016 వానకాలమున. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదేండ్లది. బడినుండి వచ్చుచు, మురుగుకాలువ ప్రక్కన తడిసి వణకుచున్న పిల్లను పుస్తకముల సంచిలో పెట్టుకొని వచ్చినది. నల్లని కుక్కపిల్ల, నొసట తెల్లని చుక్క. పేరు వెదకవలసిన పనిలేకపోయెను. జాతికుక్క గాదు, మన వీథి కుక్కయే. వాకిట ముగ్గువేయునప్పుడు మా అమ్మ వెంట, పాలవాడు వచ్చినప్పుడు మా యావిడ వెంట, సాయంకాలము పిల్లల వెంట తిరుగుచు ఆఱు నెలలలో ఇంటిలో ఒకతె ఐపోయినది. నా వెంట మాత్రము అంతగా తిరుగలేదు. నేను దానికి క్రమశిక్షణ నేర్పుచుండెడివాడను.

ఇక 2018వ సంవత్సరపు మాట. ఆ యేడు అక్టోబరు 23వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానము బాణసంచాను గూర్చి ఒక తీర్పు చెప్పినది. ఢిల్లీలోని మువ్వురు పసిబిడ్డల పక్షమున వారి తండ్రులు 2015లో తెచ్చిన వ్యాజ్యమది; తమ బిడ్డల ఊపిరితిత్తులకు స్వచ్ఛమైన గాలి కావలెనని వారి ప్రార్థన. పొగయు ధ్వనియు తక్కువగానుండు హరిత బాణసంచాయే అమ్మవలెననియు, వేలకొలది టపాకాయలను దండగ్రుచ్చిన లడీలు కూడవనియు, దీపావళినాడు రాత్రి 8 గంటలనుండి 10 గంటల వరకే కాల్చవలెననియు న్యాయమూర్తులు ఆదేశించిరి. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరమున ధ్వని 125 డెసిబెల్లులు మించరాదని 1999నుండియే ఒక నియమమున్నది. దానిని కొలిచి కొన్నవానిని నేను చూడలేదు. తీర్పు వచ్చిన మఱునాడు ఉపాధ్యాయుల గదిలో పత్రిక పెద్దగా చదివి, సంఘము ఇట్లు గదా బాగుపడవలెనని ఒక యుపన్యాసము దంచితిని. నా సహోపాధ్యాయులు తేనీరు త్రాగుచు విని తలలూపిరి.

నా యింటిలో అటకమీద అప్పటికే అయిదువేల టపాకాయల లడీ ఒకటి యున్నది. తీర్పునకు ముందే కొన్నాను గనుక తప్పులేదని మనసునకు చెప్పుకొంటిని. సంఘసంస్కరణ విషయమున మన బోటి చదువుకొన్నవారికి ఇట్టి సదుపాయమైన తర్కములు ఎప్పుడును కొఱత గావు.

నవంబరు 7వ తేదీ, బుధవారము, పండుగ. చీకటి పడకముందే చుక్క వణకుట మొదలిడినది. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, దాన్ని లోపల పెడదాం" అనినది. నేను వినలేదు. భయమును ఎదుర్కొన్నగాని భయము తీఱదనియు, మంచము క్రింద దాగిన ప్రాణి జీవితాంతము మంచము క్రిందనే యుండుననియు ఒక సూత్రము చెప్పి, చుక్కను వసారాలోని యినుప గ్రిల్లునకు గొలుసుతో కట్టితిని. అది చూచుచుండగనే వాకిట లడీ పఱచి ముట్టించితిని. అయిదువేలు పేలుటకు ఎంతసేపు పట్టునో చదువరులెఱుగుదురు. ఆ మ్రోతలో కుక్క అఱచినదో లేదో నాకు వినబడలేదు. పొగ విడిపోయిన పిదప చూచితిని గదా, గ్రిల్లునకు గొలుసున్నది, గొలుసునకు పట్టెడయు ఉన్నది, కుక్క లేదు. పట్టెడకు లోపలివైపు నాలుగు నల్లని వెండ్రుకలును కొంచెము నెత్తురును అంటియుండెను.

ఆ రాత్రి నేనును మా బావమఱదియు దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వరకు నడిచితిమి. మెట్రో రైలు ఆ దారిని నడువనారంభించి అప్పటికి ఆఱు వారములే. దాని స్తంభముల క్రింద దీపములు వెలుగుచుండెను. ప్రతి స్తంభము చాటునను ఒక నల్లని కుక్క ఉన్నట్లే తోచెను. చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ ప్రాంతము, ఎల్.బి. నగరు కూడలి. పిలిచితిమి. పిలుపు మాకే వినబడలేదు. చేతి ఫోనులోని బొమ్మను పండ్లబండ్లవారికిని ఆటోలవారికిని చూపితిమి. "ఇయ్యాల ఎన్ని కుక్కలు ఉరికినయో సారూ" అని ఒక ముసలాయన నవ్వెను. వెక్కిరింత గాదు, సత్యము చెప్పినాడు. ఆ నడిరాత్రి రహదారిమీద మేము లెక్కపెట్టినవే తొమ్మిది కుక్కలు, ఏ దిక్కు తోచక వాహనముల నడుమ పరుగిడుచుండెను. వానికి పట్టెడలు లేవు, వెదకువారును లేరు.

ఇల్లు చేరునప్పటికి ఒంటిగంట. మా అమ్మకు చెప్పవలెనని ఆమె గదిలోనికి పోయితిని. దీపము లేదు. ఆమె మంచముమీద లేదు. గోడమూలను నేలపై, మోకాళ్ళు ముడుచుకొని, కొంగు చెవులకు చుట్టుకొని కూర్చుండియున్నది. కుక్క దొరకలేదని చెప్పి, పిఱికి కుక్కను పెంచితిమని యేదో అంటిని. అప్పుడామె అన్న మాట ఇది: "అది పిరికిది గాదు కొడుకా. నేను గూడ ఉరుకుదును. కాళ్ళల్ల సత్తువ లేక ఈ మూలకు కూసున్న."

ఈ మాట అర్థమగుటకు అయిదేండ్లు వెనుకకు పోవలయును. 2013 ఫిబ్రవరి 21, గురువారము. దిల్‌సుఖ్‌నగరు సాయిబాబా గుడికి గురువారము పోవుట మా అమ్మకు నియమము. ఆ సాయంకాలము దర్శనము చేసికొని రహదారివైపు నడుచుచుండగా, ఏడు గంటల ప్రాంతమున, కొన్ని నిమిషముల తేడాతో రెండు బాంబులు పేలినవి. సైకిళ్ళకు కట్టిన టిఫిను డబ్బాలలో పెట్టిన మారణాయుధములవి. బస్సుకొఱకు నిలిచినవారు, పరీక్షలకు చదువుకొనుచున్న బిడ్డలు, చిల్లరసామానుల కొఱకు వచ్చినవారు ప్రాణములు విడిచిరి. నూఱుమందికి పైగా గాయపడిరి. మా అమ్మ ఒక చెప్పుతో ఇల్లు చేరినది. ఒంటిమీద ఒక్క గీత పడలేదు. దేవుని దయ యని అందఱమును అనుకొంటిమి, కొబ్బరికాయ కొట్టితిమి, ఆ సంగతి అంతటితో మఱచితిమి.

ఆ యేటినుండి దీపావళినాడు ఆమె దీపములు వెలిగించి, లక్ష్మీపూజ ముగియగానే లోపలికి పోయి తలుపు వేసికొనెడిది. పిల్లలు రమ్మని పిలిచినను వచ్చెడిది గాదు. పొగ పడదని యనెడిది. ముసలితనపు అలుక యని మేమనుకొంటిమి. ఒక యేడు నేను విసుగుకొని, పండుగపూట ముఖము ముడుచుకొనరాదని కూడ అంటిని. అయిదు దీపావళులు, ఒకే యింటిలో, ఒకే గోడకు ఆవల ఈవల! సంస్కృతమున భయమునకు స్థాయీభావమని లక్షణము చెప్పి, కంపస్వేదాది అనుభావములను పిల్లలచేత వల్లెవేయించువాడను. కన్నతల్లి చేతి వణకు నా కంటబడలేదు. ఆ కుక్క గొలుసు తెంచుకొని పోకున్నచో ఇప్పటికిని కంటబడియుండదు. పండుగనాడు నాకు భయముగానున్నదని పెద్దవారు నోరు విప్పి యెట్లు చెప్పుదురు?

చుక్క మూడవనాటి తెల్లవాఱుజామున దొరకినది. అప్పుడు పండ్ల విపణి కొత్తపేటలో ఉండెను (2022లో బాటసింగారమునకు తరలిపోయినది). అందు ఖాళీ బత్తాయి బుట్టల చాటున నక్కియుండగా ఊడ్చునట్టి ఒక అమ్మ చూచి, నేను ముందునాడు చూపిన బొమ్మను జ్ఞాపకముంచుకొని కబురు చేసినది. వెనుక కాలు విఱిగియుండెను. నన్ను చూచి తోక ఊపలేదు. మా అమ్మాయిని చూచి ఊపినది. కాలు అతుకుకొనెను గాని ఇప్పటికిని చలికాలమున కుంటును.

కాలికి కట్టుకట్టిన పశువైద్యుడు నేను చెప్పిన సూత్రమును విని ఏమియు ననక ఒక ప్రశ్న వేసెను. "మాస్టారూ, మీకు ఈతరాదనుకొందము. మిమ్ము కట్టి బావిలో వేసినచో ఈత వచ్చునా?" ఆ ప్రశ్నతోనే నా చదువు మొదలైనది. దొరకిన పుస్తకములు చదివితిని, వైద్యుని విసిగించితిని, పనికివచ్చినవానిని యేటేట ఇంటిలో ఆచరించి చూచితిని.

మనుష్యుని చెవి క్షణమునకు ఇరువదివేల కంపనములవరకు వినగలదు. కుక్క చెవి నలుబదియైదు వేలవరకు వినగలదు. మనకు చెవినబడని సన్నని ధ్వనులు కూడ దానికి వినబడును. అట్టి చెవిలో, ఎప్పుడు వచ్చునో, ఎచటనుండి వచ్చునో, ఏల వచ్చునో తెలియని పిడుగులు గంటలకొలది పడుచున్నవనుకొనుడు. మనకు పంచాంగమున్నది, మనము వత్తి ముట్టించి చెవులు మూసికొందుము. కుక్కకు ఆ రెండును లేవు. పైగా భయము వాడుకచే అరుగదు, ముదురును. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్‌లొవును గూర్చి మన పిల్లలు పాఠములలో చదువుదురు, గంట మ్రోగినంతనే కుక్క నోరూరుట. పాఠములలో లేని సంగతి యొకటి కలదు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడులో నీవా నది పొంగి ఆయన ప్రయోగశాల కుక్కల గదులలోనికి నీరు వచ్చెను. వానిని నీటిలో ఈదించి యెట్లో బ్రదికించిరి. కాని తరువాత చూడగా, కొన్ని కుక్కలు ఎన్నో నెలలు నేర్చిన అలవాటులను మఱచిపోయినవి. ఒక కుక్క కొన్నాళ్ళకు తేఱుకొన్నను, తలుపు సందునుండి సన్నని నీటిధార వచ్చినంతనే మరల మొదటికి వచ్చెనట. వరద రాలేదు, చెంబెడు నీళ్ళు వచ్చినవి, అంతే చాలినది. సుతిలిబాంబు వినగానే మా అమ్మ చెవులకు కొంగు చుట్టుకొనుట నేనిప్పుడు ఆ కుక్కను తలచుకొనియే అర్థము చేసికొందును. ఇట్టి పోలికకు తల్లి తప్పు పట్టునేమోయని సందేహించుచు చెప్పితిని. ఆమె, "గంతే గదా" అని ఊరకుండినది.

ఇక మా యింటి పనులు. పండుగకు నెలనాళ్ళ ముందునుండి టపాకాయల ధ్వనిని ఫోనులో మిక్కిలి సన్నగా వినిపించుచు, అదే సమయమున చుక్కకు ఇష్టమైన కోడిమాంసపు ముక్క పెట్టుదుము. మేము శాకాహారులము, ఐనను ఆ నెల ఆ నియమమునకు సెలవు. ధ్వనిని దినదినము గోరంత పెంచవలెను. చెవులు వాల్చినదా, మరల తగ్గించవలెను. ఇది తొందరపడువారి పని గాదు, పండుగ రెండు దినములున్నదనగా మొదలిడినచో మేలుకన్న కీడెక్కువ. మొదటి యేడు మాకు దీనివలన లాభమేమియు కనబడలేదు. రెండవ యేట వీథిలో దూరముగా పేలినవానికి తల యెత్తి చూచి ఊరకుండుట నేర్చినది. దగ్గఱగా పేలినవానికి ఇప్పటికిని వణకును. అంతకుమించి నేను ఆశింపను.

పండుగనాడు వెలుగుండగనే దానిని త్రిప్పి తెచ్చి, అయిదు గంటలకే అన్నము పెట్టి, వీథికి దూరముగానున్న గదిలో చేర్తుము. ఆ గది మా అమ్మది. కిటికీలకు పాత బొంతలు వ్రేలాడదీసి, కూలరు తిరుగవిడిచి, రేడియో పెట్టుదుము. ఎడతెగని ఒకే రీతి ధ్వని బయటి ఆకస్మిక ధ్వనులను కొంత మ్రింగును. మంచము చుట్టును దుప్పటి నేలదాక దించి గుహవలె చేయుదుము. కట్టము. గొలుసు భయమును ఆపదు, మెడను కోయును. తలుపు ఒకటికి రెండు వేయుదుము, ఏలనగా మిఠాయిపళ్ళెము పట్టుకొని వచ్చు పొరుగింటి బిడ్డ తెఱచిన తలుపే చాలును, పాఱిపోవుటకు. మెడకు మా ఫోను నంబరు చెక్కిన బిళ్ళ ఉండును. వడ్లగింజంత చిప్పును చర్మము క్రింద పెట్టించుట ఇంకను మంచిదని వైద్యుడు చెప్పగా అదియు చేయించితిమి.

భయపడిన కుక్కను బుజ్జగించినచో భయము అలవాటగునని పాత పుస్తకములలో వ్రాసియుండెడిది. నేనును అట్లే నమ్మినవాడను. అది సరికాదని ఇప్పటి వైద్యులు చెప్పుచున్నారు. భయము చిలుకపలుకు గాదు, మెచ్చుకొన్నచో పెరుగుటకు. దగ్గఱకు వచ్చినచో నిమురవలెను, దాగియుండదలచినచో దాగనీయవలెను. మంచము క్రిందినుండి లాగరాదు, కసరరాదు. మందుల విషయమున ఒక్క హెచ్చరిక. మనుష్యుల నిద్రమాత్రలను విఱిచి వేయువారు మా సందులోనే కలరు. ప్రమాదము. పశువులకిచ్చు పాత మత్తుమందులలో గూడ కొన్ని శరీరమును పడవేయును గాని మనసును నిద్రపుచ్చవు. కదలలేక, అంతయు వినుచు, భయపడుచు పడియుండును. చూచువారికి ప్రశాంతముగానున్నట్లు తోచును. నాకైతే ఇది తలచుకొన్నప్పుడెల్ల మా అమ్మ అయిదేండ్లు ఆ గదిలో ప్రశాంతముగానున్నట్లు మేమనుకొన్నది జ్ఞాపకము వచ్చును. నిజమైన భయమునకు నిజమైన మందులున్నవి. చిగుళ్ళకు రాయు లేపనము గూడ కొన్ని దేశములలో వచ్చినది. వైద్యుని ముందుగా చూడవలెను, పండుగరాత్రి గాదు.

మిఠాయిల మాటయు చెప్పవలెను. లడ్డులోను సేమ్యా పాయసములోను మనము వేయు కిస్మిసుపండ్లు కుక్క మూత్రపిండములను చెఱచును. చాకొలెట్టు దానికి విషము. పేలక మిగిలిన టపాకాయలను నాకినను, మింగినను కీడే. తెల్లవాఱగనే వాకిలి ఊడ్చిన పిదపగాని మేము తలుపు తీయము.

చాకొలెట్టనగా మా తమ్ముడు జ్ఞాపకము వచ్చెను. వాడు అమెరికాలో టెక్ససు రాష్ట్రమున, డల్లాసు చెంత నున్నాడు. అచటివారు అక్టోబరు 31వ తేదీ రాత్రి హాలోవీను అను పండుగ చేసికొందురు. పిల్లలు దయ్యములవలెను, ఎముకలగూడులవలెను వేషములు వేసికొని ఇల్లిల్లు తిరిగి గంట మ్రోగించి మిఠాయి లడుగుదురు. మన యూళ్ళలో ఒకప్పుడు పగటివేషగాండ్రు వచ్చినట్లే యని యనుకొనవచ్చును. ఐతే అందఱును ఒక్క రాత్రియే వత్తురు. 2024లో మన దీపావళియు వారి హాలోవీనును ఒక్కనాడే, అదే 31వ తేదీన పడినవి. తమ్ముడు ముందురోజు ఫోను చేసి, "అన్నా, మా కుక్కకు టపాకాయలతో పనిలేదు, తలుపుగంటతోనే చావు" అనెను. గంట మ్రోగిన ప్రతిమాఱును వాని కుక్క తలుపుమీద పడునట. తలుపు తీయగా ఎదుట మనుష్యుని వాసనయు దయ్యపు ముఖమును గల ప్రాణి. దానికి మతిపోవును గదా. పోయిన యేడు వీథిలోనికి దూసికొని పోయెనట. నేను మా మంచపు గుహ, రేడియో చెప్పితిని. వాడొక ఉపాయము చెప్పెను: మిఠాయి గంపను గుమ్మము బయట బల్లమీద పెట్టి, గంట కొట్టవద్దని కాగితము అంటించితినని. ఆ దేశమున జూలై 4వ తేదీనాటి స్వాతంత్ర్యోత్సవపు బాణసంచాకును ఇదే గొడవ. పండుగలు వేఱు, దేవతలు వేఱు. తలుపు తీసియుండుట మాత్రము అంతటను ఒకటే.

ఇంటికుక్కకు ఇల్లున్నది. వీథికుక్కల మాట యేమి? ఈ ప్రశ్న అడిగినంతనే, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని కుక్కలు చంపిన సంగతిని మా సందులో ఎవరైనను ఎత్తుదురు. ఎత్తవలసినదే. అంబర్‌పేట మాకు కూతవేటు. ఆ తండ్రికి ఎదురుగా నిలిచి భూతదయ బోధింపగల నోరు నాకు లేదు. వీథికుక్కలకు గర్భనిరోధ శస్త్రచికిత్స చేసి, వెఱ్ఱి రాకుండ టీకా వేసి, గుఱుతుకు చెవికొన కత్తిరించి, పట్టినచోటనే విడువవలెనని 2023నాటి కేంద్ర నియమములు. ఆ పని ఎక్కడ ఆలస్యమైనను బిడ్డలకును కీడు, కుక్కలకును కీడు. కాని నేను చెప్పునది అంతకన్న చిన్నది. బెదరిన కుక్క కఱచును. దాని ప్రక్కన టపాకాయ విసరి నవ్వు పిల్లవానికి, తోకకు లడీ కట్టు పెద్దవానికి, ఇది తెలియదు. మా సందులో నాలుగేండ్లనుండి మూడు అపార్టుమెంటులవారు ఆ రాత్రి సెల్లారు గేటులు కొంచెము తెఱచియుంచి, మూలను గోనెసంచులును నీళ్ళ తొట్టియు పెట్టుచున్నారు. కావలివారే పూనుకొన్నారు, నేను గాదు. ఆ యేర్పాటు మొదలైన పిదప పండుగ మఱునాడు మా సందులో కుక్కకాటు మాట నేను వినలేదు.

మన సాహిత్యమున కుక్కయనగానే ధర్మరాజు వెంట స్వర్గద్వారము వరకు నడిచిన కుక్కను చెప్పుట వాడుక. నాకు భారతపు చివరనున్న కుక్కకన్న మొదటనున్న కుక్క ఎక్కువ జ్ఞాపకము వచ్చును. జనమేజయుని యాగశాలకు సరమ కుమారుడు ఆటగా వచ్చెను. హవిస్సును ముట్టలేదు, చూడనైనను లేదు. రాజు తమ్ములు వానిని కొట్టిరి. తల్లియైన సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. అప్పుడామె, మీకు కానరాని భయము కలుగుగాకయని పలికి పోయెను. నన్నయ్య తెనిగించిన కథయే ఇది; నేను ఇరువది యేండ్లనుండి పాఠము చెప్పుచున్నాను. కానరాని భయమనగా నేమని ఒక పిల్లవాడు అడుగగా, రాబోవు ఆపద అని చెప్పి ముందుకు సాగిపోయెడివాడను. ఇప్పుడు అచట కొంచెమాగుచున్నాను.

నేపాళదేశమున మన దీపావళికి ముందునాడు, నరకచతుర్దశినాడే, కుక్కలకు బొట్టుపెట్టి బంతిపూల దండలు వేసి భోజనము పెట్టుదురు. ఆ ఆచారమును తెచ్చి దిల్‌సుఖ్‌నగరులో పెట్టవలెనని నా యుద్దేశము గాదు. దండ వేయనక్కఱలేదు. లడీ వేయకున్న చాలును. మా యింట ఇప్పుడు మతాబులు, కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు మాత్రమే కాల్తుము. మా అబ్బాయి మొదటి రెండేండ్లు ముఖము ముడిచెను, తరువాత ఊరకుండెను. వాని స్నేహితుల యిండ్లలో బాంబులు కాల్చి వచ్చునని నాకు తెలియును. తెలియనట్లుందును. ఒక్క సందులో పేలనిది పక్క సందులో పేలుచునే యున్నది. పది గంటలు దాటినను పేలుచునే యున్నది.

2024 దీపావళి గురువారమైనది. ఉదయము మా అమ్మ గుడికి పోవలెననినది. నేను వెంట పోయితిని. పదకొండేండ్ల పిదప మొదటిసారిగా ఆమె ఆ రహదారి చెంత ఒకచోట నిలిచి, "ఈడనే చెప్పు పోయింది" అని చూపెను. నేనేమియు అనలేదు. సాయంకాలము బొంతలు కట్టితిమి, కూలరు పెట్టితిమి, చుక్కకు అన్నము పెట్టితిమి. దీపములు వెలిగించి పిల్లలు మేడమీదికి పోయిరి. ఆ యేడు నేను మేడయెక్కక మా అమ్మ గదిలోనే కుర్చీ వేసికొని, పరీక్ష కాగితములు దిద్దుచు కూర్చుంటిని. రేడియోలో పాత పాటలు వచ్చుచుండెను. తొమ్మిదిన్నరకు ఎదురింటివారు బాంబు పేల్చిరి. కిటికీ అద్దము అదరెను. మంచము దుప్పటి కదలెను. మా అమ్మ పండుకొనియే చేయి క్రిందికి దించి దుప్పటిలోనికి పెట్టినది. ఆ చేయి కొంచెము వణకుచుండెను. కొంతసేపటికి అది ఆగినది. దుప్పటి కదలుటయు ఆగినది.

"ఇంకెన్ని కాయితాలున్నయి కొడుకా?" అని అడిగెను.

పదునాలుగున్నవని చెప్పితిని. అవి ముగియువఱకు కూర్చుండుమనినది. పదకొండు గంటల ప్రాంతమున ముగిసినవి. కాని అప్పటికి ఇంకను బయట పేలుచుండుటచేత, దిద్దినవానినే మరల మొదటినుండి తీసితిని.